ఆబిడ్స్‌కు చేరిన లాంగ్‌ప్లే: రాక్ ఆల్బమ్‌ల నాలుగు దశాబ్దాలు

నగరంలో సంగీతం: 7వ భాగం

హైదరాబాదులో పాశ్చాత్య సంగీతం అనగానే చరిత్రకారుల దృష్టి సహజంగా సికిందరాబాదు కంటోన్మెంటు వైపు, అక్కడి సైనిక బ్యాండు మేళాల వైపు, లాలాగూడ రైల్వే కాలనీల్లోని ఆంగ్లో ఇండియన్ కుటుంబాల వైపు వెళుతుంది. ఆ సంగీతం నగర మధ్యతరగతి ఇళ్లలోకి ఏ దారిన వచ్చిందని వెతికితే మాత్రం అడుగులు ఆబిడ్స్, నాంపల్లి పేటల దగ్గరే ఆగుతాయి. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ కొలువులో ఉన్న ఆల్బర్ట్ ఆబిద్ నడిపిన దుకాణం పేరే పేటకంతటికీ స్థిరపడిపోవడం వల్ల, విదేశీ సరుకుకూ ఆబిడ్స్‌కూ ఉన్న బంధం ఆ పేరులోనే నిలిచిపోయింది. 1907లో నాంపల్లిలో కట్టిన హైదరాబాద్ దక్కన్ స్టేషను, 1834లో స్థాపించిన సెయింట్ జార్జెస్ గ్రామర్ స్కూలు, గన్‌ఫౌండ్రీలో 1855 నాటి ఆల్ సెయింట్స్ పాఠశాల, 1904 నాటి రోజరీ కాన్వెంటు, వాటి చర్చిలు, వాటిలోని పియానోలు, గాయక బృందాలు అన్నీ ఒకదానికొకటి కూతవేటు దూరంలో ఉండటం వల్ల, ఇంగ్లీషు పాట వినే చెవులు ఈ పేటల్లో రాక్ సంగీతం పుట్టకముందే తయారై ఉన్నాయి.

ఆకాశమార్గాన వచ్చే సంగీతానికి కూడా ఈ పేట తొలి చిరునామాల్లో ఒకటి. 1930లలో ఆబిడ్స్‌ను ఆనుకుని ఉన్న చిరాగ్ అలీ గల్లీలో ఒక చిన్న ట్రాన్స్‌మిటరుతో మొదలైన ప్రసారం 1935లో నిజాం ప్రభుత్వం చేతికి వచ్చి దక్కన్ రేడియోగా పేరు పొంది, 1950లో ఆకాశవాణిలో కలిసింది. ఆ తరువాత 1952లో కేంద్ర ప్రసార మంత్రి బి.వి. కేస్కర్ సినిమా పాటలను ఆకాశవాణికి దూరం పెట్టడంతో దేశమంతటా శ్రోతలు రేడియో సిలోన్ వైపు మళ్లారు. హిందీ పాటల కోసం సిలోన్ పట్టుకున్న ఇళ్లలోనే, ముల్లు కాస్త అటూ ఇటూ జరిగినప్పుడు, అదే కేంద్రపు ఇంగ్లీషు పాటలు కూడా చెవిన పడ్డాయి. ప్రభుత్వం ఒక సంగీతాన్ని కాపాడాలని చేసిన పని మరో సంగీతానికి తలుపు తెరవడం ఈ నగరపు శ్రవణ చరిత్రలో గమనించదగిన మలుపు.

రేడియోలో వినిపించేది విడి పాట. ఈ భాగానికి విషయమైన ఆల్బమ్ వేరే వస్తువు. లక్కతో చేసిన పాత గ్రామఫోను ప్లేటు నిమిషానికి 78 చుట్లు తిరుగుతూ ఒక్కో వైపు సుమారు మూడు నిమిషాలు మాత్రమే పాడేది కనుక, పెద్ద రచనను వినిపించడానికి నాలుగైదు ప్లేట్లను ఫొటోల పుస్తకం మాదిరి అట్టల మధ్య కుట్టి అమ్మేవారు. ఆ పుస్తకం పేరే తరువాత సంగీత సంపుటికి ఆల్బమ్ అని నిలిచిపోయింది. 1948లో అమెరికాలోని కొలంబియా కంపెనీ వినైల్‌తో చేసిన 12 అంగుళాల లాంగ్‌ప్లే రికార్డును విడుదల చేసింది. నిమిషానికి 33⅓ చుట్లు తిరిగే ఈ రికార్డు ఒక్కో వైపు ఇరవై నిమిషాలకు పైగా నిలవడంతో, పాటల వరస, ఒక వైపు ముగిసే చోటు, రెండో వైపు మొదలయ్యే తీరు కూడా రచనలో భాగమయ్యాయి. 1960ల నాటికి కలకత్తా దగ్గరి డమ్ డమ్‌లో గ్రామఫోన్ కంపెనీ బీటిల్స్ రికార్డులను సైతం అచ్చు వేసి దేశమంతటికీ పంపేది. కంపెనీ అచ్చు వేయని ఆల్బమ్ కావాలంటే, విదేశాల నుంచి వచ్చే బంధువు పెట్టెలో చోటు దొరకాలి.

ఆ కొరతను తీర్చింది క్యాసెట్. ఫిలిప్స్ కంపెనీ 1963లో ప్రవేశపెట్టిన ఈ చిన్న పెట్టె, 1970లలో గల్ఫ్ దేశాలకు పనికి వెళ్లిన హైదరాబాదీలు సెలవుల్లో తెచ్చిన టూ-ఇన్-వన్‌లతో, అంటే రేడియో, టేప్‌రికార్డరు కలిసిన యంత్రాలతో, ఇంటింటికీ చేరింది. సి-90 అనే రకం క్యాసెట్‌లో ఒక్కో వైపు 45 నిమిషాలు పడుతుంది; లాంగ్‌ప్లే రికార్డు రెండు వైపులూ కలిపి దాదాపు అంతే ఉంటుంది. అందువల్ల ఒక క్యాసెట్‌లో ఒక వైపు ఒక ఆల్బమ్, మరో వైపు ఇంకో ఆల్బమ్ చొప్పున ఎక్కించి ఇచ్చే రికార్డింగు దుకాణాలు దేశంలోని పట్టణాలన్నింటా వెలిశాయి. ఏ ఆల్బమ్‌కు ఏది జత అన్నది దుకాణదారు అభిరుచి. ఒక తరం శ్రోతలకు పింక్ ఫ్లాయిడ్ అయిపోగానే డీప్ పర్పుల్ వినబడాలన్న అలవాటు ఆ జతల వల్లనే పడింది.

ఇంత దూరం వచ్చిన సంగీతంలో తెలుగు శ్రోత దేన్ని ఎంచుకోవాలన్నది ఇక్కడి ప్రశ్న. విదేశీ పత్రికలు ప్రకటించే ఉత్తమ జాబితాలు అక్కడి శ్రోతల జ్ఞాపకాల మీద కట్టినవి కనుక వాటిని యథాతథంగా దిగుమతి చేసుకోవడం వల్ల పెద్ద ప్రయోజనం లేదు. ఆబిడ్స్‌కు నడిచి వెళ్లేంత దూరంలోని రాంకోఠిలో త్యాగరాజ ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల ఉంది. అక్కడ స్వరజ్ఞానం సంపాదించిన చెవికి, లేదా ఇంట్లో తంబురా శ్రుతి వింటూ పెరిగిన చెవికి, రాక్ సంగీతంలో ముందుగా తెరుచుకునే తలుపు ఏది అన్నదే ఈ భాగంలో పాటించిన కొలమానం.

ఆ తలుపు పేరు శుద్ధ ధన్యాసి అంటే అతిశయోక్తి కాదు. షడ్జమం, సాధారణ గాంధారం, శుద్ధ మధ్యమం, పంచమం, కైశికి నిషాదం అనే అయిదు స్వరాల ఈ ఔడవ రాగపు మూర్ఛన, అమెరికా నల్లజాతీయుల బ్లూస్ సంగీతం నుంచి రాక్ గిటారిస్టులు అందుకున్న మైనర్ పెంటటోనిక్ అనే స్వరవరస, రెండూ ఒకటే. స్వరాలు ఒకటైనంత మాత్రాన రాగం ఒకటి కాదన్నది నిజమే. రాగానికి ప్రాణం ప్రయోగాల్లో, గమకాల్లో ఉంటుంది. అయితే గిటారిస్టు తీగను మెట్టు మీద పక్కకు లాగి స్వరాన్ని పైకి సాగదీసే పద్ధతి, వైణికుడు తీగను లాగి గమకం పలికించే పద్ధతికి దగ్గరి చుట్టం. సంప్రదాయాలు వేరైనా చేతి పని ఒకటే కావడం వల్ల మన చెవికి గిటారు వాదన పరాయిదిగా తోచదు.

1950ల దశాబ్దంలో ఎక్కువసేపు ఆగవలసిన పని లేదు. అప్పటి రాక్ అండ్ రోల్ ప్రధానంగా విడి పాటల కళ. ఆల్బమ్ అంటే అచ్చైన పాటలను ఒకచోట పోగు చేయడం. ఆ పోగుల్లో నిలిచినది 1956 మార్చిలో వచ్చిన ఎల్విస్ ప్రెస్లీ తొలి ఆల్బమ్. శ్వేతజాతి కంట్రీ పాట, నల్లజాతి బ్లూస్ పాట ఒకే గొంతులో కలవడం ఎలా ఉంటుందో తెలియడానికి దాన్ని ఒకసారి వింటే చాలు.

1960లలో పరిస్థితి మారిపోయింది. 1965 డిసెంబరులో వచ్చిన బీటిల్స్ ఆల్బమ్ రబ్బర్ సోల్‌లో ఆ బృందపు గిటారిస్టు జార్జ్ హారిసన్ ఒక పాటకు సితారు వాయించినప్పుడు అది ఒక కొత్త రంగు మాత్రమే. 1966 ఆగస్టు 5న విడుదలైన వారి తదుపరి ఆల్బమ్ రివాల్వర్‌లో ఆ రంగు నిర్మాణమైంది. అందులో హారిసన్ రచించిన లవ్ యు టు అనే పాట తాళం లేని చిన్న ఆలాపనతో మొదలై, అనిల్ భగవత్ తబలా అందుకోవడంతో నడక పట్టుకుంటుంది; దాని స్వరాలు కాఫీ థాట్‌కు, అంటే కర్ణాటక పద్ధతిలో ఖరహరప్రియకు దగ్గరగా ఉంటాయి. ఆలాపన ముందు, లయ తరువాత అనే క్రమం తెలుగు శ్రోతకు కచేరీల్లో అలవాటైనదే గాని, రెండున్నర మూడు నిమిషాల ఇంగ్లీషు పాటలో అది అప్పటికి వినని విషయం. అదే ఆల్బమ్ చివరి పాట టుమారో నెవర్ నోస్ ఇంకా ముందుకు వెళ్లింది. పాశ్చాత్య పాటకు ఆధారమైన కార్డులు, అంటే ఒకేసారి పలికే స్వరాల గుంపులు, మారుతూ పోవడాన్ని దాదాపుగా వదిలేసి, పాటంతా ఒకే ఆధార షడ్జమం మీద తంబురా నాదంతో నిలబెట్టారు. తంబురా వేసుకుని పాట మొదలుపెట్టే ఇంటివారికి ఇందులో వింత ఏముందనిపించవచ్చు. కార్డు మారకపోతే పాట చచ్చిపోతుందని నమ్మిన సంప్రదాయంలో అది సాహసం. మరుసటి ఏడాది సార్జెంట్ పెప్పర్ ఆల్బమ్‌లో హారిసన్ హరికాంభోజి స్వరాలకు సమానమైన ఖమాజ్ థాట్‌లో దీర్ఘమైన పాట కట్టాడు. 1968 జనవరిలో అతడు బొంబాయి వచ్చి హెచ్.ఎం.వి. స్టూడియోలో భారతీయ వాద్యకారులతో వండర్‌వాల్ మ్యూజిక్ అనే ఆల్బమ్ కోసం సంగీతం రికార్డు చేశాడు. సార్జెంట్ పెప్పర్‌కు పేరు ఎక్కువ, రివాల్వర్‌కు పస ఎక్కువ అన్నది ఈ వ్యాసం నిశ్చయంగా చెప్పదలచిన మాట.

ఈ సంగీతాన్ని గురించి చదవడానికి నగరంలో దొరికిన సాధనం పాత పత్రిక. 1967 నుంచి 1977 వరకు కలకత్తా నుంచి వెలువడిన జూనియర్ స్టేట్స్‌మన్, ఆ పైన 1993లో అలహాబాదు నుంచి మొదలైన రాక్ స్ట్రీట్ జర్నల్ వంటివి కొన్న చేతులు దాటి పాత పుస్తకాల వారి దగ్గరికి చేరేవి. ఆదివారం దుకాణాల షట్టర్లు దించి ఉండగా ఆబిడ్స్ కాలిబాటల మీద టార్పాలిన్లు పరిచి పుస్తకాలు అమ్మే సంత నగరానికి దశాబ్దాలుగా ఉన్న ఆస్తి. రాక్ చరిత్రను తరగతి గదిలో ఎవరూ చెప్పని కాలంలో ఆ కాలిబాటే గ్రంథాలయం. 1974లో హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయం తొలి నివాసం నాంపల్లి స్టేషను రోడ్డులోని సరోజినీ నాయుడి ఇల్లు గోల్డెన్ థ్రెషోల్డ్ కావడం వల్ల, దేశం నలుమూలల నుంచి వచ్చిన విద్యార్థులకు కూడా ఈ సంత అడుగుల దూరంలోనే ఉండేది.

1970ల దశాబ్దమే ఆల్బమ్‌కు స్వర్ణయుగం, నెమ్మదిగా వినవలసినది కూడా. 1971 ఆగస్టు 1న న్యూయార్కు మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో బంగ్లాదేశ్ శరణార్థుల సహాయార్థం హారిసన్, పండిత్ రవిశంకర్ కలిసి రెండు కచేరీలు ఏర్పాటు చేయగా, వాటి రికార్డింగు మూడు రికార్డుల సంపుటంగా వెలువడింది. మొదటి రికార్డు మొదటి వైపు మొత్తం రవిశంకర్ సితారు, అలీ అక్బర్ ఖాన్ సరోద్, అల్లారఖా తబలా, కమలా చక్రవర్తి తంబురాలకే కేటాయించారు. వాద్యాలు శ్రుతి చేసుకోవడం ముగియగానే సభ కచేరీ అయిందనుకుని చప్పట్లు కొట్టడం, శ్రుతే ఇంత నచ్చితే వాదన ఇంకా నచ్చుతుందని రవిశంకర్ నవ్వుతూ అనడం ఆ రికార్డులో వినబడతాయి. రాక్ శ్రోతకు శ్రుతి అంటే ఏమిటో తెలియని క్షణం ఒకటి చరిత్రలో ఇలా భద్రమై ఉంది.

అదే ఏడాది నవంబరులో లెడ్ జెప్పెలిన్ బృందం అట్ట మీద పేరే లేకుండా తన నాలుగో ఆల్బమ్‌ను తెచ్చింది. అందులోని ఫోర్ స్టిక్స్ పాటలో అయిదు మాత్రల నడక ప్రధానం. ఖండ గతి తెలిసినవారు చేత్తో తాళం వేసుకుంటూ వినవచ్చు. ఆ బృందంలోని జిమ్మీ పేజ్, రాబర్ట్ ప్లాంట్ 1972లో బొంబాయి వచ్చి భారతీయ వాద్యకారులతో ఇదే పాటను మళ్లీ రికార్డు చేశారు గాని, ఆ కూర్పు అధికారికంగా 2015లో తప్ప బయటకు రాలేదు.

గిటారు పట్టిన ప్రతి విద్యార్థీ మొదట వాయించే నాలుగు దళాల స్వరఖండం డీప్ పర్పుల్ బృందం 1972 మార్చిలో విడుదల చేసిన మెషీన్ హెడ్ ఆల్బమ్‌లోనిది. 1971 డిసెంబరు 4న స్విట్జర్లాండులోని మాంత్రోలో ఫ్రాంక్ జప్పా కచేరీ జరుగుతుండగా, రికార్డింగు కోసం బృందం ఎంచుకున్న క్యాసినో భవనం అగ్నికి ఆహుతైంది. చివరికి చలికాలంలో ఖాళీగా ఉన్న ఒక హోటల్ వరండాల్లో పని పూర్తి చేసి, సరస్సు మీద కమ్ముకున్న ఆ పొగనే స్మోక్ ఆన్ ద వాటర్ అనే పాటగా మలిచారు. ఇలా పదేపదే వచ్చే చిన్న స్వరఖండాన్ని రాక్ పరిభాషలో రిఫ్ అంటారు. ఈ రిఫ్‌ను స్వరాల్లో రాసుకుంటే స గ మ, స గ మ మ, స గ మ, గ స అని పన్నెండు స్వరాలు వస్తాయి. గాంధారం సాధారణం, మధ్యమం శుద్ధం. రెండో దళంలో పక్కపక్కన వచ్చే రెండు మధ్యమాల్లో మొదటిది మాత్రం ప్రతి మధ్యమం; అది దిగి శుద్ధ మధ్యమంలో సేద తీరుతుంది. మేళకర్త పద్ధతిలో ఒకే మేళంలో రెండు మధ్యమాలకు చోటు లేదు గాని, బేహాగ్ వంటి రాగాలు రెండింటినీ వాడుకుంటాయి కనుక మన చెవికి ఆ జారు కొత్తది కాదు. గిటారిస్టు రిచీ బ్లాక్‌మోర్ ప్రతి స్వరానికీ జతగా, నాలుగో స్వరం దూరంలో కింద ఉన్న మరో స్వరాన్ని మీటడం వల్ల, షడ్జమంతో పాటు మంద్ర పంచమం కూడా మోగి, రిఫ్‌కు ఆ బరువు వచ్చింది. వీణ మీద ఈ పన్నెండు స్వరాలు పలికించడానికి కొద్ది నిమిషాలు చాలు. ఇంట్లో వీణ ఉన్నవారు ప్రయత్నించి చూడవలసినదే.

1973 మార్చిలో వచ్చిన పింక్ ఫ్లాయిడ్ ఆల్బమ్ ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్ ఈ వరసలో శిఖరం. అమెరికా బిల్‌బోర్డ్ జాబితాలో 1988 వరకు 741 వారాలు నిలిచిందన్న లెక్క దాని ఆదరణను చెబుతుంది గాని దాని గుణాన్ని చెప్పదు. గుణం తెలియాలంటే రెండో వైపు మొదటి పాట మనీ దగ్గర చెవి పెట్టాలి. కాగితం చింపడం, నాణేలు రాలడం, దుకాణంలో గల్లాపెట్టె గంట వంటి ఏడు చప్పుళ్లను టేపు మీద పట్టి, ఆ టేపు ముక్కలను స్కేలుతో సమానంగా కొలిచి కత్తిరించి అతికించి, మాల మాదిరి గుండ్రంగా తిప్పితే వచ్చిన ఏడు మాత్రల ఆవర్తనం మీద పాట నిలబడింది. మిశ్ర చాపు లెక్క తెలిసినవారికి ఏడు మాత్రలు చేతికి వెంటనే అందుతాయి. మధ్యలో గిటారు వాదన వచ్చినప్పుడు లయ నాలుగు మాత్రల చతురశ్రంలోకి మారి, మళ్లీ ఏడుకు తిరిగి వస్తుంది. ఒక్కో వైపు పాటల మధ్య ఖాళీ లేకుండా ఒకదానిలోకి ఒకటి ప్రవహించే ఈ ఆల్బమ్‌ను విడి పాటలుగా వినడం, రాగం తానం పల్లవిలో పల్లవి ఒక్కటే కత్తిరించి వినడం వంటిది.

1980లలో ఆల్బమ్ నిడివిని నిర్ణయించే వస్తువు మళ్లీ మారింది. 1985 మేలో వచ్చిన డైర్ స్ట్రెయిట్స్ ఆల్బమ్ బ్రదర్స్ ఇన్ ఆర్మ్స్ పది లక్షల కాంపాక్ట్ డిస్కులు అమ్ముడైన తొలి ఆల్బమ్. లాంగ్‌ప్లే రికార్డు మీద 47 నిమిషాలకు కుదించిన కొన్ని పాటలు డిస్కు మీద పూర్తి నిడివితో వచ్చి 55 నిమిషాలయ్యాయి. 1987 మార్చి నాటి యు2 ఆల్బమ్ ద జాషువా ట్రీ తొలి పాట ఆర్గన్ వాద్యపు నిలకడ నాదంతో, శ్రుతి పెట్టె తెరిచినంత నెమ్మదిగా మొదలవుతుంది. ఈ రెండూ చాలు. దశాబ్దపు మిగతా శబ్దంలో అధిక భాగం కాలానికి నిలవలేదు.

1990లలో ఉపగ్రహ టెలివిజన్ రావడంతో పాట వినడం కంటే చూడటం ముందుకు వచ్చింది. 1991 సెప్టెంబరులో వెలువడిన నిర్వాణ ఆల్బమ్ నెవర్‌మైండ్ ఆ తరానికి గుర్తు. తెలుగు శ్రోతకు అంతకంటే దగ్గరి కథ మాత్రం వేరొకటి ఉంది. మహావిష్ణు ఆర్కెస్ట్రా బృందంతో 1971లో ద ఇన్నర్ మౌంటింగ్ ఫ్లేమ్ ఆల్బమ్ చేసిన గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్, అమెరికాలోని వెస్లియన్ విశ్వవిద్యాలయంలో డాక్టర్ ఎస్. రామనాథన్ దగ్గర వీణ నేర్చుకుని, 1970ల నడుమ శక్తి బృందాన్ని కట్టాడు. అదే బృందాన్ని 1990ల చివర రిమెంబర్ శక్తి పేరుతో పునరుద్ధరించినప్పుడు, ఆ వేదిక మీద అతని పక్కన కూర్చున్నది పశ్చిమ గోదావరి జిల్లా పాలకొల్లులో 1969లో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్. జంట తీగల మాండొలిన్‌ను అయిదు ఒంటి తీగల విద్యుత్ వాద్యంగా మార్చుకుని గమకం పలికించిన శ్రీనివాస్, 2000లో వచ్చిన ద బిలీవర్, 2001లో వచ్చిన సాటర్‌డే నైట్ ఇన్ బాంబే ఆల్బమ్‌లలో మెక్‌లాఫ్లిన్ గిటారుతో సమ ఉజ్జీగా వాయించాడు. రవిశంకర్ శ్రుతి చేసుకుంటుంటే కచేరీ అనుకున్న లోకం మూడు దశాబ్దాల్లో గోదావరి జిల్లా కుర్రవాని కల్పనస్వరాలకు చప్పట్లు కొట్టే చోటికి వచ్చింది. 2014లో 45 ఏళ్లకే ఆయన మరణించడం రెండు సంప్రదాయాలకూ నష్టం.

పాత రికార్డు కొనదలచినవారు పాటించవలసిన జాగ్రత్తలు కొన్ని ఉన్నాయి. రికార్డును అంచులతో పట్టుకుని ఏటవాలుగా వెలుతురుకు చూపితే గీతలు కనిపిస్తాయి. వేలిగోటికి తగలని గీత చప్పుడు తక్కువ చేస్తుంది, తగిలే గీత ముల్లును పట్టుకుంటుంది. మధ్య రంధ్రం చుట్టూ లేబులు మీద సన్నని చారలు ఎక్కువగా ఉంటే రికార్డు చాలాసార్లు తిరిగిందని అర్థం. కంటికి ఎదురుగా సమతలంగా పట్టుకుని చూస్తే ఎండకు వంగినదీ లేనిదీ తెలుస్తుంది.

పైన చెప్పిన వాటిలో మొదట ఒక్కటే ఎంచుకోవలసి వస్తే అది రివాల్వర్. అయితే వెనుక అట్ట మీద పాటలు లెక్కపెట్టి చూసుకోవాలి. బ్రిటన్‌లో విడుదలైన అసలు కూర్పులో 14 పాటలు ఉంటాయి. 1966లో అమెరికాలో అమ్మిన కూర్పులో బీటిల్స్ సభ్యుడు జాన్ లెనన్ పాటలు మూడు తీసేయడంతో 11 మాత్రమే ఉంటాయి. కొనవలసినది 14 పాటలది.